జేబులోకి వచ్చిన తాళంచెవి – బూటబుల్ పెన్‌డ్రైవ్ వెనుక ఉన్న చరిత్ర



ఈ మధ్య మన హాస్టళ్ళ నుంచీ, డిగ్రీ చదివే తమ్ముళ్ళూ చెల్లెళ్ళ నుంచీ ఒకే మాట మళ్ళీ మళ్ళీ వింటున్నాం. "అన్నా, ల్యాప్‌టాప్ ఆన్ అవుతోంది గానీ విండోస్ రావట్లేదు." "విండోస్ 10 అయిపోయిందంట, 11 దీనికి ఎక్కదంట, ఇక అమ్మేయమంటున్నారు." మండల కేంద్రంలో షాపుకు తీసుకెళ్తే ఫార్మాట్ కొట్టి ఇస్తారు. డబ్బులు పోతే పోయాయి, దాంతోపాటు కుల ధ్రువపత్రం స్కాన్, మార్కుల మెమోలు, రాత్రుళ్ళు కూర్చుని టైపు చేసిన ప్రాజెక్టు రిపోర్టు కూడా పోతాయి. అడిగితే "ముందే చెప్పాలి కదా" అంటారు.

ఆ షాపులో జరిగే పని ఏమిటి? ఒక పెన్‌డ్రైవ్ పెడతారు, ఒక బటన్ నొక్కుతారు, నాలుగైదు ప్రశ్నలకు జవాబు ఇస్తారు. అంతే. మనం చేయలేనిది అందులో ఏమీ లేదు. కానీ ఆ పెన్‌డ్రైవ్ మన చేతికి రావడానికి ముప్పై ఏళ్ళకు పైగా పట్టింది. మెషిన్ నిద్ర లేచినప్పుడు దానితో మొదటి మాట ఎవరు మాట్లాడాలి అనే దాని మీద పెద్ద కథే నడిచింది. ఆ కథ తెలిస్తే భయం సగం పోతుంది. అందుకే ఈసారి కొంచెం పొడుగ్గా రాస్తున్నాం. ఓపికగా చదవండి.

మొదటి 512 బైట్లు

కంప్యూటర్ ఆన్ చేయగానే దానికి ఏమీ తెలియదు. విండోస్ అంటే తెలియదు, లైనక్స్ అంటే తెలియదు. ఆపరేటింగ్ సిస్టమ్ డిస్కులో ఉంటుంది. దాన్ని డిస్కులోంచి తీసి మెమరీలో పెట్టాలంటే ఒక ప్రోగ్రామ్ కావాలి. ఆ ప్రోగ్రామ్‌ను ఎవరు తెచ్చి పెట్టాలి? ఈ చిక్కుకే ఇంగ్లీషు వాళ్ళు బూట్‌స్ట్రాప్ అని పేరు పెట్టుకున్నారు. తన బూట్ల పట్టీ తానే పట్టుకుని తనను తాను పైకి లేపుకోవడం అన్నమాట. మనం రోజూ అనే "బూట్" అందులోంచి తెగి వచ్చిన ముక్కే.

1981 ఆగస్టులో ఐబీఎం కంపెనీ తన పర్సనల్ కంప్యూటర్‌ను తెచ్చింది. ఈ చిక్కును విప్పే పని అందులో బయోస్ అనే చిన్న ప్రోగ్రామ్‌కు అప్పగించారు. అది బోర్డు మీదే ఒక చిప్పులో ఉంటుంది, కరెంటు పోయినా చెరిగిపోదు. బయోస్ చేసే పని చాలా తక్కువ. డిస్కులోని మొట్టమొదటి సెక్టారును, అంటే 512 బైట్లను, చదివి మెమరీలో పెడుతుంది. చివరి రెండు బైట్లలో "ఇది బూట్ అవుతుంది" అనే గుర్తు ఉందా అని చూస్తుంది. ఉంటే పగ్గాలు దానికి ఇచ్చేసి తప్పుకుంటుంది.

512 బైట్లు ఎంతో తెలుసా? ఇప్పుడు మనం టైపు చేసే పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు పడతాయి. అంటే 170 గుర్తులు. ఒక చిన్న మెసేజ్ కూడా పూర్తికాదు. ఆ కాస్త చోటులో "తర్వాతి ప్రోగ్రామ్ ఫలానా చోట ఉంది, అక్కడికి పో" అని మాత్రమే రాయగలం. కానీ మెషిన్ మొత్తం ఆ మాట వింటుంది. హార్డ్ డిస్కులోని మొదటి సెక్టారు మాట వింటే హార్డ్ డిస్కులో ఉన్నది నడుస్తుంది. బయట నుంచి పెట్టిన డిస్కు మాట వింటే ఆ డిస్కులో ఉన్నది నడుస్తుంది. బయోస్‌కు రెండూ ఒకటే.

బూటబుల్ పెన్‌డ్రైవ్ అసలు రహస్యం ఇదే. మిగతాదంతా ఆ మొదటి మాటను దేనిలో దాచి తీసుకెళ్ళాలి అనే దాని చరిత్ర.

ఫ్లాపీల కట్టలు

మొదట్లో దాచింది ఫ్లాపీలో. మనలో చాలామంది ఫ్లాపీని చూసి ఉండరు. వర్డ్‌లో సేవ్ బటన్ మీద ఉండే బొమ్మ దానిదే. అందులో పట్టేది 1.44 మెగాబైట్లు. ఇప్పుడు ఫోన్‌లో తీసే ఒక ఫోటో కూడా దానిలో పట్టదు.

1991 ఆగస్టులో ఫిన్‌లాండ్‌లో హెల్సింకీ విశ్వవిద్యాలయం విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ తాను రాస్తున్న ఒక కెర్నల్ గురించి నలుగురికీ చెప్పాడు. అప్పటికి అతనికి 21 ఏళ్ళు. మన డిగ్రీ ఫైనలియర్ పిల్లల వయసే. అదే లైనక్స్. దాన్ని వాడాలంటే తొలిరోజుల్లో రెండు ఫ్లాపీలు కావాలి. ఒకటి బూట్ ఫ్లాపీ, రెండోది రూట్ ఫ్లాపీ. మొదటిది పెట్టి మెషిన్‌ను లేపాలి, అది అడిగినప్పుడు రెండోది పెట్టాలి. అంతకుముందే, 1983లో, అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రాజెక్టు ప్రకటించి ఉన్నాడు. ఎవరైనా వాడుకోవచ్చు, లోపల చూడవచ్చు, మార్చుకోవచ్చు, పక్కవాడికి ఇవ్వవచ్చు అనే షరతుతో సాఫ్ట్‌వేర్ రాయడం దాని ఉద్దేశం. ఈ రెండూ కలిశాయి. 1993లో స్లాక్‌వేర్, డెబియన్ అనే పంపిణీలు మొదలయ్యాయి. ఫ్లాపీల కట్ట దగ్గర పెట్టుకుని ఒకదాని తర్వాత ఒకటి మార్చుకుంటూ ఇన్‌స్టాల్ చేసేవాళ్ళు.

కంపెనీలదీ అదే అవస్థ. 1995లో విండోస్ 95ను ఫ్లాపీల్లో కొంటే 13 వచ్చేవి. పన్నెండోది చెడిపోయిందంటే పని మొత్తం ఆగిపోయినట్టే.

సీడీ: ఇన్‌స్టాల్ చేయకుండానే చూడటం

సీడీలో 700 మెగాబైట్లు పడుతుంది. లెక్క వేస్తే 480కి పైగా ఫ్లాపీలు. కానీ బయోస్‌కు సీడీ నుంచి లేవడం తెలియదు. దానికి తెలిసింది ఫ్లాపీ, హార్డ్ డిస్కు మాత్రమే. 1995 జనవరిలో ఫీనిక్స్, ఐబీఎం కంపెనీల ఇంజనీర్లు ఒక ఉపాయం రాశారు. సీడీలో ఒక మూల ఫ్లాపీ బొమ్మను పెట్టి, బయోస్‌కు "ఇది ఫ్లాపీయే" అని చూపించడం అందులో ఒక పద్ధతి. ఆ పద్ధతికి ఎల్ టొరిటో అని పేరు. కాలిఫోర్నియాలో వాళ్ళు కూర్చుని మాట్లాడుకున్న హోటల్ పేరే పెట్టేశారని చెబుతారు.

సీడీ వల్ల ఇంకో గొప్ప పని జరిగింది. 2000 సంవత్సరంలో జర్మనీకి చెందిన క్లౌస్ క్నాపర్ క్నాపిక్స్ అనే లైనక్స్‌ను తెచ్చాడు. దాన్ని ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు. సీడీ పెట్టి ఆన్ చేస్తే మొత్తం సిస్టమ్ సీడీ నుంచే నడుస్తుంది. హార్డ్ డిస్కును ముట్టుకోదు. సీడీ తీసేస్తే మెషిన్ ఎప్పటిలాగే ఉంటుంది. దీన్నే లైవ్ సీడీ అన్నారు. విండోస్ చచ్చిపోయిన కంప్యూటర్లలోంచి ఫైళ్ళు బయటకు తీసుకోవడానికి దీన్ని ఎంతోమంది వాడారు. పైన చెప్పుకున్న ధ్రువపత్రాలు, రిపోర్టులు ఉన్నాయే, వాటిని కాపాడే దారి ఇరవై ఏళ్ళకు ముందు నుంచే ఉంది. షాపులో ఎవరూ మనకు చెప్పలేదు, అంతే.

2004 అక్టోబరులో దక్షిణాఫ్రికాకు చెందిన మార్క్ షటిల్‌వర్త్ ఉబుంటును మొదలుపెట్టాడు. ఉబుంటు అక్కడి జులూ, ఖోసా భాషల మాట. నలుగురితో కలిసి ఉంటేనే మనిషి మనిషి అనే భావం అందులో ఉంది. నెట్ లేనివాళ్ళు అడిగితే సీడీని పోస్టులో ఉచితంగా పంపేవాళ్ళు, పోస్టు ఖర్చు కూడా వాళ్ళదే. 2011 వరకు అది నడిచింది. మన దేశంలోనూ ఎన్నో ఇంజనీరింగ్ కాలేజీల హాస్టళ్ళకు ఆ కవర్లు వచ్చాయి. ఒకరు తెప్పించుకుంటే పది మంది కాపీ చేసుకునేవాళ్ళు. అది దొంగతనం కాదు. కాపీ చేసుకోమనే ఇచ్చారు.

మన తెలుగు నేలలోనూ ఆ రోజుల్లోనే పని జరిగింది. హైదరాబాద్ కేంద్రంగా ఉన్న స్వేచ్ఛ సంస్థ 2005 ప్రాంతంలో మెనూలు తెలుగులో కనిపించే లైనక్స్‌ను తీసుకొచ్చింది. కేరళలో అయితే ప్రభుత్వమే పూనుకుంది. అక్కడి ప్రభుత్వ బడులు ఏళ్ళ తరబడి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తోనే కంప్యూటర్ పాఠాలు నేర్పుతున్నాయి. బడులకు సరిపోయేలా సొంతంగా సిస్టమ్ తయారుచేసుకుని అన్నింటికీ పంచుకున్నాయి.

పెన్‌డ్రైవ్ రావడం

యూఎస్‌బీ మొదటి ప్రమాణం 1996 జనవరిలో వచ్చింది. దాన్ని రూపొందించిన ఇంటెల్ బృందంలో ముఖ్యుడు అజయ్ భట్, గుజరాత్‌లోని వడోదరలో చదువుకున్నవాడు. 2000లో సింగపూర్‌కు చెందిన ట్రెక్ కంపెనీ థంబ్‌డ్రైవ్‌ను అమ్మకానికి పెట్టింది. అదే ఏడాది చివర్లో ఐబీఎం, ఇజ్రాయెల్ కంపెనీ ఎం-సిస్టమ్స్ తయారుచేసిన డ్రైవ్‌ను అమ్మింది. దానిలో పట్టేది 8 మెగాబైట్లు. ఐదారు ఫ్లాపీలంత. అప్పట్లో అదే అద్భుతం.

కానీ వెంటనే బూట్ చేయడానికి పనికిరాలేదు. రెండు అడ్డంకులు ఉన్నాయి. ఒకటి వేగం. తొలి యూఎస్‌బీ సెకనుకు 12 మెగాబిట్లు మాత్రమే లాగేది. 2000 ఏప్రిల్‌లో వచ్చిన యూఎస్‌బీ 2.0 దాన్ని 480కి పెంచింది. రెండోది బయోస్. పాత బోర్డులకు పెన్‌డ్రైవ్‌ను చూస్తే అది ఫ్లాపీనో, జిప్ డిస్కో, హార్డ్ డిస్కో అర్థమయ్యేది కాదు. పాత కంప్యూటర్ల బూట్ మెనూలో యూఎస్‌బీ-ఎఫ్‌డీడీ, యూఎస్‌బీ-జిప్, యూఎస్‌బీ-హెచ్‌డీడీ అని మూడు కనిపిస్తాయి కదా, అవి ఆ తికమక మిగిల్చిన గుర్తులే.

2007లో ఆసుస్ ఈ-పీసీ, 2008 జనవరిలో యాపిల్ మ్యాక్‌బుక్ ఎయిర్ సీడీ డ్రైవ్ లేకుండానే వచ్చాయి. ఇక పెన్‌డ్రైవ్ తప్ప దారి లేదు. అప్పుడే తలా ఒకరు పనిముట్లు రాయడం మొదలుపెట్టారు. 2007లో గెజా కోవాక్స్ యూనెట్‌బూటిన్ రాశాడు. 2011లో పీట్ బటార్డ్ రూఫస్ రాశాడు. ఇప్పటికీ మనలో ఎక్కువమంది వాడేది అదే, సైజు చూస్తే కొద్ది మెగాబైట్లే. 2020లో వెంటాయ్ వచ్చింది. ఒకసారి పెన్‌డ్రైవ్‌ను తయారుచేసి పెట్టుకుంటే, ఆ తర్వాత ఐఎస్ఓ ఫైళ్ళను మామూలు పాటల్లా కాపీ చేసుకోవచ్చు. ఆన్ చేసినప్పుడు ఏది కావాలో అదే అడుగుతుంది.

ఈ పనిముట్లు ఎందుకు కావాలి, ఐఎస్ఓను నేరుగా కాపీ చేస్తే సరిపోదా అని చాలామంది అడుగుతారు. పైన చెప్పుకున్న 512 బైట్లే దానికి జవాబు. కాపీ, పేస్ట్ చేస్తే ఫైళ్ళు వెళ్తాయి గానీ మొదటి సెక్టారులో రాత మారదు. బయోస్ అక్కడికి వచ్చి చూసి, గుర్తు లేకపోతే వెనక్కి పోతుంది. రూఫస్ లాంటివి ముందు ఆ రాత రాస్తాయి, తర్వాత ఫైళ్ళు సర్దుతాయి.

ఇక్కడ ఒక సంగతి తప్పక చెప్పుకోవాలి. 2009 అక్టోబరులో విండోస్ 7తో పాటు మైక్రోసాఫ్ట్ కూడా పెన్‌డ్రైవ్ తయారుచేసే చిన్న పనిముట్టును విడుదల చేసింది. రఫేల్ రివేరా అనే అతను దాని లోపల చూస్తే, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ నుంచి తీసుకున్న కోడ్ కనిపించింది. తీసుకోవడం తప్పు కాదు, కానీ తీసుకుంటే మీదీ అందరికీ తెరవాలి అనేది ఆ లైసెన్స్ షరతు. మైక్రోసాఫ్ట్ ఒప్పుకుంది. పనిముట్టును వెనక్కి తీసుకుని, డిసెంబరులో అదే లైసెన్స్ కింద సోర్స్ కోడ్‌తో సహా మళ్ళీ విడుదల చేసింది. పది మందీ కలిసి పెంచిన దాంట్లోంచి తీసుకుంటే తిరిగి ఇవ్వాల్సిందే. ఈ కట్టుబాటు మన ఊళ్ళల్లో పెద్దవాళ్ళకు ఎవరూ నేర్పక్కర్లేదు.

తాళం మారింది

2012లో విండోస్ 8తో సెక్యూర్ బూట్ అందరి మెషిన్లలోకి వచ్చింది. అప్పటికే పాత బయోస్ పోయి యూఈఎఫ్ఐ వస్తోంది. ఇది 512 బైట్లతో ఆగదు. ఫ్యాట్32 పార్టిషన్‌లో ఈఎఫ్ఐ అనే ఫోల్డర్‌లోకి వెళ్ళి, అక్కడి ఫైలును నేరుగా నడుపుతుంది. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే ఆ ఫైలు మీద నమ్మకమైన సంతకం ఉందా అని చూస్తుంది. లేకపోతే ఆపేస్తుంది. వైరస్‌లు మొదటి మాటను దొంగిలించకుండా కాపాడటం దాని ఉద్దేశం. అది మంచిదే. కానీ చాలా మెషిన్లలో ముందే పెట్టి వచ్చే తాళాలు మైక్రోసాఫ్ట్‌వి. మరి లైనక్స్ సంగతి? దానికి మాథ్యూ గారెట్ లాంటివాళ్ళు షిమ్ అనే చిన్న ప్రోగ్రామ్ తయారుచేశారు. దాని మీద మైక్రోసాఫ్ట్ సంతకం ఉంటుంది, అది లేచి మిగతా లైనక్స్‌ను లేపుతుంది. అందుకే ఇప్పుడు ఉబుంటు, ఫెడోరా, డెబియన్ సెక్యూర్ బూట్ తీయకుండానే నడుస్తాయి.

2021 అక్టోబరులో విండోస్ 11 వచ్చింది. దానికి టీపీఎం 2.0 చిప్పు కావాలి. ఇంటెల్‌లో దాదాపు ఎనిమిదో తరం, అంటే 2017 తర్వాతి ప్రాసెసర్లు కావాలి. 2025 అక్టోబరు 14న విండోస్ 10కు మామూలు మద్దతు ఆగింది. మనకు దానంగా వచ్చినవీ, సెకండ్‌హ్యాండ్‌లో కొన్నవీ, బడి ల్యాబుల్లో మూలన పడి ఉన్నవీ ఎక్కువగా ఆ గీతకు అవతలే ఉన్నాయి. అవి పాడవలేదు. ఒక కంపెనీ జాబితాలో వాటి పేరు లేదు, అంతే.

మన లిపులకూ దీనికీ సంబంధం ఏమిటి?

చాలా ఉంది. ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలో మన గోండు పెద్దలు దాచుకున్న రాతప్రతుల్లోని లిపి 2018లో యూనికోడ్ 11.0లో చేరింది. అంతకు ముందు ఏడాది మసరం గోండీ చేరింది. 1918లో మధ్యప్రదేశ్ బాలాఘాట్‌కు చెందిన మున్షీ మంగళ్ సింగ్ మసరం తయారుచేసిన లిపి అది. మన శ్రీకాకుళం, మన్యం కొండల అవతల ఒడిశాలో సవరల కోసం 1936లో మంగేయి గొమాంగో రూపొందించిన సొరాంగ్ సొంపెంగ్ 2012లోనే చేరింది. సంతాలీల ఓల్ చికి 2008లో చేరింది.

కానీ యూనికోడ్‌లో చేరినంత మాత్రాన తెరమీద కనబడదు. సిస్టమ్‌లో ఆ ఫాంటు ఉండాలి. లేకపోతే అక్షరాల చోట ఖాళీ డబ్బాలు కనిపిస్తాయి. నోటో అనే ఉచిత ఫాంట్ల కుటుంబంలో గోండీ లిపులు రెండూ ఉన్నాయి. డెబియన్‌లో ఒక్క ప్యాకేజీతో అవి వచ్చేస్తాయి. అదే డెబియన్‌తో మనకు కావాల్సిన ఫాంట్లు, కీబోర్డు, పుస్తకాలు ముందే పెట్టి సొంత ఐఎస్ఓ తయారుచేసుకునే పనిముట్లు కూడా ఉన్నాయి. ఒక్కసారి తయారుచేస్తే ఉట్నూరులో, భద్రాచలంలో, పాడేరులో, సీతంపేటలో ఏ హాస్టల్‌లోనైనా నెట్ లేకుండానే ఎక్కించుకోవచ్చు. మెషిన్ లేవగానే మన అక్షరాలు కనబడాలా, డబ్బాలు కనబడాలా అన్నది కొంతవరకు మన చేతుల్లోకి వచ్చింది.

ఇప్పుడు చేయాల్సింది

8 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి చాలు. దానిలో ఉన్నదంతా చెరిగిపోతుంది, కాబట్టి ముందే ఖాళీ చేసుకోండి. ఐఎస్ఓను ఆ సిస్టమ్ సొంత సైటు నుంచే దించుకోండి. అక్కడ ఇచ్చిన ఎస్‌హెచ్‌ఏ256 అంకెతో సరిచూసుకోండి. క్రాక్ చేసిన విండోస్ ఊరికే వస్తోందని ఎక్కించుకోవద్దు. మొదటి మాట దొంగకు అప్పగించినట్టే అవుతుంది.

తర్వాత మెషిన్ ఆన్ చేస్తూ బూట్ మెనూ తెరవండి. డెల్, లెనోవోల్లో సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9. పెన్‌డ్రైవ్‌ను ఎంచుకోండి. ముందు ఇన్‌స్టాల్ నొక్కకండి. లైవ్‌లో నడిపి చూడండి. వైఫై, సౌండు, కీబోర్డు పనిచేస్తున్నాయా చూడండి. పాత డిస్కు తెరిచి ధ్రువపత్రాలు, మెమోలు, రిపోర్టులు వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. డిస్కుకు బిట్‌లాకర్ తాళం ఉంటే రికవరీ కీ లేకుండా తెరుచుకోదు, దాన్ని ముందే వెతుక్కోండి. అన్నీ చేతికి వచ్చాకే ఇన్‌స్టాల్. "మొత్తం డిస్కు చెరిపేయాలా" అని అడిగే చోట ఒక్క నిమిషం ఆగి రెండుసార్లు చదవండి. 4 జీబీ ర్యామ్ ఉన్న మెషిన్‌కు లుబుంటు, మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ లాంటి తేలికైనవి బాగుంటాయి.

బడి ల్యాబు మెషిన్ అయితే హెడ్‌మాస్టరునో, వార్డెన్‌నో అడిగి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. అది ప్రభుత్వ ఆస్తి. ముందు ఒక్క మెషిన్‌లో లైవ్ నడిపి చూపిస్తే వాళ్ళే ఒప్పుకుంటారు.

ఒక హాస్టల్‌లో ఇద్దరు నేర్చుకుంటే చాలు. వచ్చే ఏడాది జూనియర్లకు వాళ్ళే నేర్పిస్తారు. ఫ్లాపీ కట్టల కాలం నుంచి ఈ విద్య అలాగే చేతులు మారుతూ వచ్చింది. ఈ సెలవులకు ఇంటికి వెళ్ళేటప్పుడు పెన్‌డ్రైవ్‌ను తయారుచేసుకుని వెళ్ళండి. ఊళ్ళో ఎవరింట్లోనో పాత ల్యాప్‌టాప్ ఒకటి బీరువా మీద దుమ్ము పట్టి ఉంటుంది. ముందు దాన్ని లేపుదాం.

జోహార్.